పదమూడో పేరు

గురమ్మని కిందటి వారం మనం ఆటోలో వదిలేశాం. శ్రీకూర్మం వైపు నుంచి శ్రీకాకుళం వచ్చే ఆ ఆటోలో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఆరుగురు ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్లందరి మధ్యా గురమ్మ కోపం కూడా ఒక మనిషంత చోటు ఆక్రమించుకుని కూర్చుంది. దారి పొడుగునా ఆమెతో ఒక్కరు కూడా మాట కలపలేదు.

కోపం రాదా మరి! పొద్దున్న ఒడ్డున పాత వల పరిచి నెత్తళ్ల చేపలు ఆరబోస్తుంటే, పక్కింటి లక్ష్మణమ్మ మనవరాలు ఫోను పట్టుకొచ్చి, "అత్తా, గరివిడి ఎల్లే జట్టు పేర్లంట, సూడు" అంది. వాలీబాల్ పోటీలకు కాలేజీ పంపుతున్న పన్నెండు మంది అమ్మాయిల పేర్లు. పిల్ల పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చదివింది. ఎటునుంచి చదివినా భారతి పేరు లేదు. రెండేళ్లుగా ఆ జట్టుకు కెప్టెన్! తెల్లారగానే సంచీ తగిలించుకుని, "మేచీకి ఎల్తన్నానమ్మా" అని చెప్పి మరీ గడప దాటిన గురమ్మ కూతురు!

గరివిడి పోటీలకు రాష్ట్ర జట్టును ఏరేవాళ్లు వస్తారు. భారతికి డిగ్రీ ఆఖరి ఏడు. ఈసారి వాళ్ల కంట్లో పడకపోతే మళ్లీ పడే దారి లేదు. ఆ సంగతి గురమ్మకి తెలుసు, భారతికీ తెలుసు. మొగుడు నూకయ్య గుజరాత్ వైపు బోటు మీద ఉన్నాడు గాబట్టి, అడగవలసింది తనే. చేపల్ని లక్ష్మణమ్మకి అప్పజెప్పి, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా బయల్దేరింది.

ఆటో దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా, తిన్నగా కాలేజీ వెనకనున్న మైదానంలోకి నడిచింది. కోచ్ తిరుమలరావు బంతులకు గాలి కొట్టి సంచిలో వేసుకుంటున్నాడు. వరండాలో జట్టు పిల్లలు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. బస్సు రెండింటికి. అప్పటికి పన్నెండున్నర.

"ఏటి సారూ, నా గుంట పేరేదీ?"

తిరుమలరావు తలెత్తి చూశాడు. "రామ్మా గురమ్మా. ఎండలో వచ్చావు, ముందు మంచినీళ్లు తాగు."

"నీల్ల కోసం రాలేదు నాను. మా ఇంట్లో కుండ ఉన్నాది. పేరేదీ అని అడుగుతన్నాను."

"చెప్తాను. కూర్చో."

"నిలబడే ఇంతాను. రెండేల్లు తెల్లారి నాలుగింటికి లేసి, ఆటో దొరక్క పాల బండెక్కి వొచ్చింది ఇక్కడికి. మోకాలి సిప్పలు దోక్కుపోయి, సున్నమూ పసుపూ ఎట్టుకుని ఆడింది. పని ఉన్నన్నాల్లూ కెప్టెనా? బస్సెక్కే నాటికి పేరు నేదా? మా ఒంటిమీద సేపల వోసనొస్తాదనా? బస్సులో పక్కన కూకోడానికి మీ గొప్పోల్ల పిల్లలకి కడుపులో తిప్పుతాదనా?"

వరండాలో ముద్దలు నోట్లో పెట్టుకుంటున్న చేతులు ఆగిపోయాయి. తిరుమలరావు చేతిలోని బంతిని కింద పడేశాడు. ఆయన మెత్తటి మనిషని ఊళ్లో పేరు. ఆ పేరు కాసేపు పక్కన పెట్టాడు.

"ఆ మాట ఇంకోసారి అనకు. నేను ఫ్యాక్టరీలో బస్తాలు మోసినోడి కొడుకుని. ఒంటిమీద ఆ ఫ్యాక్టరీ బూడిదతో గ్రౌండుకి వస్తే నన్ను వెనక వరసలో నిలబెట్టారు. అప్పుడే ఒట్టేసుకున్నాను, నా జట్టులో వరసలు ఉండవని. ఎవరి ముందు మాట్లాడుతున్నావో చూసి మాట్లాడు!"

"అయితే పేరేదీ?"

ఆయన కింద పడ్డ బంతిని తీసి సంచిలో వేశాడు. "నీ మీద నాకు గౌరవం ఉందమ్మా. మొన్న నీ వాయిస్ మెసేజ్ స్టాఫ్ రూములో అందరం విన్నాం. ఆటంటే ఏంటో ఇరవై ఏళ్లలో నేను పిల్లలకి చెప్పలేకపోయింది నువ్వు అర నిమిషంలో చెప్పావు. అంత తెలిసినదానివి, ఇలా కేకలేస్తావా?"

ఆ మెసేజ్ సంగతి కొత్తగా చదువుతున్నవారికి చెప్పాలి. కాలేజీ పిల్లలు నలభై మంది కలిసి ఒక వాట్సాప్ గుంపు పెట్టుకున్నారు. వాళ్ల పనంతా జపాను బొమ్మల సీరియళ్లు చూడటం, వాటి మీద కొట్టుకోవడం. యానిమే అంటారు వాటిని. ఏడాది చివర ఓట్లు పెట్టారు, ఈ ఏడు వచ్చినవాటిలో ఏది గొప్పదని. రాక్షసుల్ని కత్తితో నరికే కుర్రాడి కథ ముందుంది. 'ఉప్పుగాలి' అని ఇంకొకటుంది. జపానులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు, ఆ ఊరి బడి, ఎప్పుడూ ఓడిపోయే ఆడపిల్లల వాలీబాల్ జట్టు. ఎండుచేపలు ఏరుకుంటూ భారతి పక్కన ఫోను నిలబెట్టి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి తన యాసలో చెబుతుంటే, గురమ్మ ఇరవై నాలుగు భాగాలూ చూసింది. జపాను పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకుంది. పొడుగు పిల్ల పోలమ్మ. పొట్టి పిల్ల సిట్టి. ఎప్పుడూ గొణిగే ముసలి కోచ్‌కి నూకయ్య అని మొగుడి పేరే పెట్టింది.

తమ సీరియల్ వెనకబడిందని తెలిసి కూతురి ఫోను లాక్కుని గుంపులోకి వదిలిన మెసేజ్ ఇది: "ఒరే పిల్లలూ, కత్తులోడికి ఓట్లేసినోల్లెవుల్రా? ఆడు ఒకడ్ని నరుకుతాడు, అయిపోతాది. నరికించుకున్నోడి అమ్మ ఎవులో, ఆడి ఊరేటో ఆ బొమ్మలోడు సూపించడు. ఈ బంతాట పిల్లల్ని సూడండి. అవతల జట్టు గుంట కూడా సీకట్లో లేసి పరిగెట్టిందని సూపిస్తాడు. అది ఓడిపోయి ఏడిస్తే మనకీ ఏడుపొస్తాది. ఓడిపోయినోల్లు ఇంటికెల్లి బువ్వ తింతారు, మర్నాడు మల్లీ వొస్తారు. అదిరా ఆటంటే! ఓట్లు మార్సండి. లేపోతే నానే వొచ్చి మీ ఫోన్లు సముద్రంలో ఇసిరేస్తాను." ఆ సాయంత్రానికి పదకొండు ఓట్లు మారాయి. 'ఉప్పుగాలి' గెలిచింది. కాలేజీలో గురమ్మని చూడనివాళ్లకి కూడా ఆమె గొంతు తెలిసిపోయింది.

పొగిడితే చల్లబడే మనిషా గురమ్మ! "బొమ్మల సంగతి తరవాత. నా కూతురి సంగతి సెప్పు."

తిరుమలరావు సంచీ అరలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "ఫోన్లో తిరుగుతున్నది ఆఫీసు వాళ్లు టైపు చేసిన కాగితం. అసలు కాగితం ఇదీ. నీ కూతురే రాసింది. చదువు."

గురమ్మ మూడో తరగతిదాకా చదివింది. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ, ఒక్క పేరు మాత్రం చూడగానే పోలుస్తుంది. బడి అప్లికేషన్ల మీద అన్నేళ్లు చూసిన పేరు. కాగితం మీద మొదటి వరసలోనే ఉందది. దాని మీద అడ్డంగా గీత. ఆ గీత పక్కనే భారతి సంతకం.

"ఎవుడు కొట్టేసినాడు దీన్ని?"

"ఎవుడూ కాదు. తనే. ఎవరెవరొస్తారో రాసుకురమ్మన్నాను. పదమూడు పేర్లు రాసుకొచ్చింది. పన్నెండుకి మించి ఒప్పుకోరు, చివరిది కొట్టేయమన్నాను. నా చేతిలో పెన్ను తీసుకుని తన పేరు కొట్టేసి సంతకం పెట్టింది."

"ఆ సివరిదెవుల్ది?"

"అనిత అని, పాతపట్నం పిల్ల. హాస్టల్లో ఉంటుంది. జట్టులోకి వచ్చి నెలయింది. ఆ బొమ్మల సీరియల్ చూశాకే బంతి పట్టుకుంది. పట్టుదలుంది గానీ, ఈ ఏడాదికి జట్టులో ఆడే స్థాయి కాదు. ఆ మాటే భారతికి చెప్పాను. 'నెల్లాల్లూ తాడు పట్టింది సార్, వొట్టి సేతుల్తో ఎలా పంపుతాం' అంది. ఏం తాడో నాకు అర్థం కాలేదు."

గురమ్మకి అర్థమైంది. అర్థమయ్యేసరికి ఒళ్లంతా మండింది.

వాళ్ల ఊరి ఒడ్డున పెద్దవల లాగుతారు. వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో వదిలి, రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెచ్చి, అటు ఇరవై మంది ఇటు ఇరవై మంది గంటల తరబడి లాగుతారు. వల ఒడ్డుకు తగిలేలోపు ఆ తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో పాలుంటుంది. పొద్దున్నుంచీ లాగినవాడికి ఎక్కువ, ఆఖర్న వచ్చి నాలుగు లాగులు లాగినవాడికి తక్కువ. అసలు లేదని మాత్రం ఎవర్నీ పంపరు. భారతికి ఏడేళ్లప్పుడు, ఎవరో దారినపోయే ముసలావిడ వచ్చి తాడు పట్టుకుంటే, "దీనికి మన సేపలెందుకూ?" అని నోరు జారింది. గురమ్మ ఒక్కటి అంటించి, తన తట్టలోంచి తీసి ఆ ముసలావిడ కొంగులో పోయించింది, కూతురి చేతనే. ఆ పాఠం పిల్లకి ఇంతగా ఎక్కిందని ఆమెకేం తెలుసు!

"భారతీ!"

ఆ కేకకి మైదానం అవతల పిట్టలు లేచాయి. వరండా చివర నీళ్ల సీసాలు సంచుల్లో సర్దుతున్న భారతి తిరిగి చూసింది. పొడుగు పిల్ల, పెద్ద పెద్ద చేతులు. ఆ చేతుల్లో రెండు నీళ్ల సీసాలు పట్టుకునే నడిచి వచ్చింది.

"ఇదేటే? నీల్లు మొయ్యడానికా గరివిడి ఎల్తన్నావు? మేచీకని సెప్పి ఇందుకా బయల్దేరినావు?"

"అమ్మా, ఇక్కడ గొడవొద్దు. ఇంటికొచ్చి సెప్తాను."

"ఇంటికాడ సెప్పాల్సింది ఇంటికాడ సెప్పలేదు గదా! ఇక్కడే సెప్పు. తాడు పట్టిందంట! తాడంట! ఒసే, నాను సెప్పింది సేపల గురించే. వల్లో సేపలు ఎన్నున్నా పంచుకోవొచ్చు. పన్నెండు కుర్సీల్లో పదమూడు మందిని కూకోబెట్టమని సెప్పినానా? నీ కుర్సీ ఇచ్చీమని సెప్పినానా?"

"నువ్వే గదా సెప్పినావు, తాడు ముట్టుకున్న సెయ్యిని కాలీగా పంపకూడదని."

"నోర్ముయ్!"

"ఆ బొమ్మల్లో పోలమ్మ తన సోటు కొత్త పిల్లకి ఇచ్చీసి బెంచీ మీద కూకుంటే, కొంగుతో కల్లొత్తుకున్నావు గదా. అంత మంచి పిల్ల లోకంలో నేదన్నావు గదా."

"బొమ్మల్లో సేస్తే ముద్దుగా ఉంటాది. నా ఇంట్లో సేస్తే సెంప పగుల్తాది! ఆ పోలమ్మని కన్నదాన్ని నాను కాదు. నిన్ను కన్నాను."

తిరుమలరావు మధ్యలోకి వచ్చాడు. "ఆగమ్మా. పిల్లకి మోకాలు నొప్పి కూడా ఉందంట. ఆడితే ఇంకా చెడుతుందని నేనే..."

గురమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆయన మాట ఆపింది. "మోకాలా?"

ఆమె కూతురి వైపు తిరిగింది.

"ఏ మోకాలే? నిన్న సాయంత్రం నిండా ఐసున్న పెట్టె ఒక్కర్తివీ ఎత్తి ఆటోలో పెట్టినావు, ఆ మోకాలా? ఇసకలో కుక్కపిల్ల ఎనకాల పరిగెట్టినావు, ఆ మోకాలా?" గొంతు ఉన్నట్టుండి తగ్గింది. గురమ్మ గొంతు తగ్గితే అరుపుకంటే భయం. "ఎనిమిదో బాగంలో సిట్టి ఏటి సేసింది? మంచి కాలికి కట్టు కట్టుకుని నొప్పి నొప్పి అని కూకోలేదా? ఆ రోజు ఫోను మీద ఉమ్మేసినంత పని సేసినాను నాను. ఇప్పుడు తెలస్తన్నాది. నీకు నొప్పి నేదు. దానమూ కాదిది. నీకు బయం. ఇజీనగరంలో నెట్టుకి తగిలిన బంతి ఇంకా నీ కడుపులోనే ఉన్నాది."

అదీ జరిగిన కథ. నెలన్నర కిందట విజయనగరంలో ఆడారు, గురమ్మ కూడా చూడ్డానికి వెళ్లింది. ఆఖరి సెట్టు, ఆఖరి పాయింటు, సర్వీసు భారతిది. మామూలుగా అయితే దాని సర్వీసు ఎత్తగలిగినవాళ్లు ఆ జిల్లాలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ ఒక్కటీ నెట్టుకి తగిలి ఇవతలే పడింది. కప్పు పోయింది. జట్టులో ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ప్రాక్టీసులో సర్వీసు వంతు వచ్చినప్పుడల్లా భారతి ఏదో ఒక పని పెట్టుకుని పక్కకి వెళ్తుండేది. కోచ్ కనిపెట్టలేదు. జట్టూ కనిపెట్టలేదు.

భారతి చేతుల్లో సీసాలు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మనసు మంచిదని నలుగురూ అనుకుంతారు గదాని దాని ఎనకాల దాక్కున్నావు. సిగ్గు లేదేటే!"

"పిన్నీ."

వెనకనుంచి వచ్చిందా మాట. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉన్న పిల్ల. ఒంటి మీద కొత్త జెర్సీ, మడతలు కూడా పోలేదు. చేతిలో సగం తిన్న క్యారేజీ. అనిత. వరండా నుంచి ఎప్పుడు లేచి వచ్చిందో, ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరూ చూడలేదు.

క్యారేజీని గడ్డిలో పెట్టి భారతి ముందుకి వచ్చింది. "నిన్ను ఒకటడుగుతాను. సారు నా పేరు ఏరినారని నువ్వు సెప్పినావు. నీకు మోకాలు నొప్పి గాబట్టి నా ఆట సూసి నన్ను ఏరినారని సెప్పినావు. నిజవేనా?"

భారతి కోచ్ వైపు చూసింది.

"సారూ, మీరు సెప్పండి. ఏరినారా?"

తిరుమలరావు గురమ్మ చేతిలోంచి కాగితం తీసుకుని మడత పెట్టి జేబులో దాచుకోబోయాడు. ఆ దాచుకోవడమే జవాబు.

"మా నాన్నకి ఫోన్ సేసినాను!" అంది అనిత. "పొలంలో ఉన్నాడు. పని మానీసి రోడ్డు మీదకొచ్చి కనిపించినోడికల్లా సెప్పినాడు. పాతపట్నంలో మా వీదంతా తెలిసిపోనాది. రేపు గరివిడికి బస్సెక్కి నా ఆట సూడ్డానికి వొస్తన్నాడు. ఇదేటి, నీ బిచ్చవా? నీకు బయవేసి పారేసిన సోటా నాకిచ్చినావు?"

"అనితా, అలాగ కాదే..."

"నోరెత్తితే ఊరుకోను!" జెర్సీని తల మీదుగా లాగేసి, లోపలి చుడీదారు చెదిరినా పట్టించుకోకుండా, దాన్ని భారతి మొహాన విసిరికొట్టింది. "నాకు రాదని నా మొహం మీద సెప్పుంటే ఏడ్సీసి మర్నాడు మల్లీ వొచ్చీదాన్ని. జాలి పడతావా నా మీద?"

గురమ్మ ఇంతసేపూ ఆ పదమూడో పేరుని మనసులో తిట్టుకుంటూనే ఉంది. ఆ పేరుగల పిల్ల ఎదురుగా నిలబడేసరికి తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఈ గుంట తన కూతురి చోటు లాక్కోలేదు. దీన్ని కూడా మోసం చేసింది తన కూతురే. ఆ సిగ్గు కూడా కోపంలోనే కలిసింది.

"సారూ," అంది అనిత, కళ్లు తుడుచుకోకుండానే. "నాను సంతకం పెట్టి తప్పుకుంటే గాని పేరు మారదు గదా? పెడతాను. ఊరికే పెట్టను. సెరో పది సర్వీసులు ఏద్దాం. నాకంటే ఒక్కటి ఎక్కువ కోర్టులో పడితే సోటు తనది. సమానమైతే నాదే. కాగితంలో ఉన్నది నా పేరు."

తిరుమలరావు ఇలా కుదరదన్నాడు, రూల్సు ఉన్నాయన్నాడు, బస్సుకి టైమైపోతుందన్నాడు. ఆయన మాట పూర్తికాకుండానే పిల్లలు వెళ్లి నెట్టు తాడు బిగించారు. ఆయన కాసేపు గురమ్మ మొహం, కాసేపు అనిత మొహం చూసి, మెడలోని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

అనిత ముందు వేసింది. దానివి కింది చేతి సర్వీసులు. అందం లేదు, వేగం లేదు. బంతి పైకి లేచి, నెట్టు మీంచి బద్ధకంగా దాటి, అవతల పడింది. ఒకటి గీత దాటింది. రెండు నెట్టుకి తగిలాయి. మిగతా ఏడూ కోర్టులోనే పడ్డాయి. పడినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టారు. నెల రోజుల కిందట బంతి పట్టుకున్న పిల్లకి ఏడంటే మాటలా! తిరుమలరావు కనుబొమలు పైకి లేచాయి.

భారతి బంతి తీసుకుని గీత వెనక్కి వెళ్లింది. నాలుగడుగులు, ఎగిరి కొట్టడం. దాని పద్ధతి అది. మొదటిది నెట్టుకి తగిలింది. రెండోదీ నెట్టుకే తగిలింది. సరిగ్గా విజయనగరంలో తగిలిన చోటే, పై పట్టీకి జానెడు కింద.

"ఏటే అది! సెయ్యి పైకెత్తు! మోచెయ్యి వొంచకు! ఎయ్యే, సంపీయే!" గురమ్మ గీత పక్కకి వచ్చేసి అరుస్తోంది. ఇంక మిగిలినవి ఎనిమిది. ఎనిమిదీ పడాలి. ఒక్కటి పోయినా అయిపోయినట్టే.

భారతి మూడో బంతి పైకి ఎగరేయలేదు. దాన్ని కింద పెట్టి తల్లివైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు ఎల్లిపో."

"ఏటన్నావు?"

"గేటు బయటికి ఎల్లిపో. నువ్వు సూస్తంటే నాను ఎయ్యలేను." దాని గొంతులో ఇంతవరకూ లేని కోపం ఇప్పుడు వచ్చింది. "బయం బయం అన్నావు గదా. దేనికి బయవో అడిగినావా? ఆ రోజు ఇజీనగరంలో బంతి గాల్లోకి ఎగరేసినాను. ఇదిగో, ఇలాగే 'సంపీయే' అని అరిసినావు. నా సెయ్యి ఆగిపోనాది. అవతల జట్టుకి బయపడలేదు నాను. ఓడిపోతానని బయపడలేదు. తప్పు సేస్తే నువ్వేటంతావో అని బయపడ్డాను."

"నానేటన్నానే..."

"అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చినాక నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. కంచం ఎట్టలేదు. నీ పాటికి నువ్వు తినీసి, అటు తిరిగి పడుకున్నావు. ఓడిపోయినోల్లు ఇంటికెల్లి బువ్వ తింతారని గుంపులో అందరికీ సెప్పినావు. ఆ పిల్లలు నీలాంటి అమ్మ ఉంటే బాగున్ననుకుంతన్నారు. నాకు ఎవులు ఎట్టినారు బువ్వ?"

అనిత తన కోపం మర్చిపోయి గురమ్మని చూసింది.

చేపల రేవులో, సంతలో, ఆటో స్టాండులో గురమ్మ ఎన్ని తగాదాలు పడిందో లెక్కలేదు. ఒక్కదాన్లోనూ ముందు వెనక్కి తిరిగింది ఆమె కాదు. నోట్లో మాటలు చాలానే ఉన్నాయి. నీ కోసమే గదా అరిసినాను, ఆ రోజు నాకు మాత్రం ముద్ద దిగిందనుకున్నావా, అవన్నీ గొంతుదాకా వచ్చాయి. కూతురి మొహం చూసి మింగేసింది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది. కోపం మాత్రం తగ్గలేదు. ఆ కోపం ఎవరి మీదని అడిగితే, ఇంతకాలానికి మొదటిసారి, తన మీదేనని చెప్పవలసి వచ్చేది.

గేటు దాటి గోడకి ఆనుకుని నిలబడింది. లోపల ఏమీ కనబడదు. చెయ్యి బంతికి తగిలిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే చప్పట్లు. ఒకటి. మళ్లీ చెయ్యి చప్పుడు, మళ్లీ చప్పట్లు. రెండు. గురమ్మ వేళ్లు ముడిచింది. మూడు. నాలుగు. ఆటోవాడెవడో శ్రీకూర్మం శ్రీకూర్మం అని అరుస్తుంటే, "నోర్మూసుకోరా!" అని కసిరింది. ఐదు. ఆరోదానికి చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. బంతి గీత మీద పడిందో ఏమో. ఏడు. సమానం. ఇంక ఒక్కటే.

లోపల చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నాలుగడుగుల పరుగు, చెయ్యి బంతికి తగిలిన దెబ్బ.

చప్పట్లు రాలేదు. విజిల్ రాలేదు. ఒక ఆడపిల్ల బావురుమని ఏడుస్తున్న చప్పుడు మాత్రం గోడ దాటి వచ్చింది.

గురమ్మ గోడకి చెవి ఆనించింది. అనితదా? భారతిదా? కన్నతల్లికి కూతురి ఏడుపు తెలియకపోవడమేమిటి! కానీ ఎంత చెవి ఒగ్గినా పోల్చుకోలేకపోయింది. గుర్తు చేసుకోబోతే తట్టింది. ఊహ తెలిశాక భారతి ఒక్కసారి కూడా తన ముందు ఏడవలేదు.